అద్దాల పెట్టెలోని గ్రంథము

మన యిండ్లలో సరస్వతీపూజనాడు పుస్తకములను పీటపై పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు చల్లి నమస్కరించుట పూర్వాచారము. ఆనాడు మాత్రము పుస్తకము విప్పి చదువరాదందురు. పిల్లలకు ఆ నిషేధమే పండుగలోని ముఖ్యాకర్షణము. ఆచారమును పరిహసించుట నా యుద్దేశము కాదు; విద్యయెడల గౌరవము నేర్పుటకే అది పుట్టియుండును. కాని గౌరవమునకును పరిచయమునకును నడుమ నెంత దూరము కలదో ఆ యొక్క దినము మనకు చక్కగా చూపును. పూజలోని పుస్తకము మూసియుండును. చదువులోని పుస్తకము నలిగియుండును. జాతికి విద్య నలిగిన పుస్తకములవలననే వచ్చును.

లోకమునందలి పెద్ద విశ్వవిద్యాలయములు కొంతకాలముగా తమ గ్రంథాలయముల తలుపులను సామాన్యజనులకు తెఱచి, అందలి యపురూప గ్రంథములను అద్దాల పెట్టెలలో నుంచి ప్రదర్శించుచున్నవి. శాస్త్రవిషయములపై నుపన్యాసము లేర్పఱచుచున్నవి. పిల్లలకును గృహస్థులకును విజ్ఞానోత్సవములు జరుపుచున్నవి. పండితుల సొత్తై యున్న విద్యను పదిమందిలోనికి దెచ్చు ప్రయత్నమిది. సంస్కారాభిమాను లెల్లరు దీనిని హర్షింతురు, నేనును హర్షింతును. కాని హర్షించిన పిదప అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఈ ప్రదర్శనములు జనులను గ్రంథముకడకు తీసికొనిపోవుచున్నవా, లేక గ్రంథమునకు నమస్కరింపజేసి యింటికి పంపుచున్నవా? ఈ ప్రశ్నను చేతబట్టుకొని ఒక్క గ్రంథాలయముయొక్క పనిని పరిశీలించెదను.

అది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయము. దూరదేశపు సంస్థతో మనకేమి పని యని యనవలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో స్థాపితమైనప్పుడు దానికి మొదటి వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కేంబ్రిడ్జిలో చదివివచ్చినవారే. విశ్వవిద్యాలయ మెట్లుండవలయునను మన భావనలో ఆ యూరి ఛాయ కొంత యున్నది. పైగా ఆ గ్రంథాలయము తన భాండారములో కొంతభాగమునకు ఛాయాచిత్రములు తీయించి అంతర్జాలములో నుంచినది గావున, నేడు గుంటూరులోనో వరంగల్లులోనో కూర్చున్నవారును ఆ పుటలను చూడవచ్చును. ఆ గ్రంథాలయము 2016లో తన యాఱువందల యేండ్ల పండుగ జరుపుకొన్నది. నేటి భవనము సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ నిర్మాణము, 1934లో తెఱువబడినది. ఇంగ్లండులో అచ్చైన గ్రంథములను కోరి పొందుటకు 1710నాటి చట్టము దానికి హక్కిచ్చినది. గ్రంథములు, పటములు, వ్రాతప్రతులు కలిసి అందులో సుమారు 1 కోటి యుండును. పఠనమందిరములో కూర్చుండి చదువుటకు పాఠకపత్రము కావలయును; పై ప్రదర్శనములను చూచుటకు అట్టి పత్రము వలదు. ఒక కప్పుక్రిందనే రెండు ద్వారము లున్నవన్నమాట. ఒకదాని వెనుక దర్శనము, రెండవదాని వెనుక పఠనము. ఆ రెంటికి నడుమ దారి యున్నదా లేదా యనునదే నా విమర్శకు విషయము.

పండుగ సంవత్సరమున నడచిన ప్రదర్శనమునకు లోకమును మార్చిన యావిష్కారములు విషయము. మూడువేల యేండ్లనాటి చీనా జోస్యపుటెముకలు మొదలుకొని, న్యూటను తన చేతితో దిద్దుకొనిన ప్రిన్సిపియా ప్రతివఱకు అందు చూపిరి. పేరు వినుటకు ఘనముగా నున్నది. చిక్కును ఆ ఘనతలోనే యున్నది. లోకమును మార్చిన వానినే వరుసగా నిలిపినచో, చూపరికి విద్య యొక విజయయాత్రవలె కనబడును. ఒక మహాపురుషుడు వెలుగు చూచెను, లోకము మాఱెను. మఱియొకడు చూచెను, మఱల మాఱెను. నడుమ జరిగిన తడబాటు, తుడిచివేత, తిరిగి వ్రాత, పదియేండ్ల సందేహము కనబడవు. బడిపంతులకు ఈ దోషము చిరపరిచితము. పాఠ్యపుస్తకము సూత్రమును చెప్పును గాని సూత్రమునకు ముందున్న చీకటిని చెప్పదు. అందుచేతనే మన పిల్లలలో పెక్కండ్రు శాస్త్రమనగా ఎవరో చెప్పగా మనము వల్లెవేయవలసినదని నమ్మియుందురు.

ఆ దోషమునకు మందు ఆ భాండారములోనే యున్నది. న్యూటను వ్రాతప్రతులు కొన్ని 2011లో అంతర్జాలమున బహిరంగపఱచిరి. వానిలో ‘వ్యర్థపుస్తకము’ అని వాడుకలోనున్న పెద్ద బౌండు పుస్తక మొకటి కలదు. అది న్యూటను మారుతండ్రి యగు బార్నబాస్ స్మిత్ అను మతగురువుది. ఆయన దైవవిషయములను శీర్షికలక్రింద వ్రాసికొనదలచి మొదలుపెట్టి, పుటలలో పెక్కింటిని తెల్లగా విడిచి మరణించెను. కాగితము ప్రియమైన దినములు గదా! కుఱ్ఱవాడు ఆ ఖాళీ పుటలలో లెక్కలు వేసికొనెను. 1665, 1666 సంవత్సరములలో మహామారిచే విశ్వవిద్యాలయము మూతపడిన కాలమున కలనగణితమునకు మూలమైన యాలోచనలు పెరిగినది ఆ పుటలలోనే. మతగురువు శీర్షిక పైన, కుఱ్ఱవాని వక్రరేఖలు క్రింద! ఇంకొక చిట్టాలో న్యూటను తన కంటిగ్రుడ్డుకును ఎముకకును నడుమ మొద్దుసూది దూర్చి, కనుపించిన రంగుల వలయములను బొమ్మతోసహా వ్రాసికొన్నాడు. ఇట్టి పుటను చూచిన పిల్లవాడు న్యూటనుకు నమస్కరించి యూరకుండడు, “ఎందుకట్లు చేసెను? ఏమి తెలిసికొనెను?” అని యడుగును. అడిగినవాడు పుస్తకము తెఱచును. చూపిన వస్తువు ప్రశ్న పుట్టించినచో ప్రదర్శనము సఫలము. ఆశ్చర్యమును మాత్రమే పుట్టించినచో సగము పని.

ఇక్కడ ఆ గ్రంథాలయచరిత్రలోని యొక సంగతిని చెప్పక తప్పదు. న్యూటను కాగితముల నన్నింటిని పోర్ట్స్‌మత్ ప్రభువు 1872లో విశ్వవిద్యాలయమునకు పరిశీలనార్థమిచ్చెను. పండితులు పదునాఱేండ్లు వానిని పరీక్షించి, 1888లో పట్టిక ప్రకటించి, గణితమునకును భౌతికశాస్త్రమునకును సంబంధించినవానిని ఉంచుకొని, రసవాదమునకును మతవిచారమునకును జెందిన కట్టలలో పెక్కింటిని వెనుకకు పంపివేసిరి. అవి 1936లో లండనులో వేలమునకు వచ్చి చెల్లాచెదరైనవి. ఆర్థికశాస్త్రజ్ఞుడైన కెయిన్స్ శ్రమపడి కొన్నింటిని ప్రోగుచేసి కేంబ్రిడ్జిలోని తన కళాశాల కిచ్చెను. మతగ్రంథములలో పెద్దభాగము జెరూసలేము చేరినది. ఒక్క మనుష్యుని మనస్సును శాస్త్రమని, శాస్త్రము కానిదని రెండుగా కోసి, ఒక సగమును మాత్రము తమదనుకొనిరి. శాస్త్రమును సంస్కృతిని వేఱు చేసిన కత్తి ఆనాడు గ్రంథాలయము చేతిలోనే యుండెను. నేడు శాస్త్రసంస్కృతుల నేకము చేయు నుత్సవములు జరుపువారు ఈ కథను కూడ ఒక పెట్టెలో నుంచినచో, ఎన్ని యుపన్యాసములకైన అది సాటివచ్చును.

డార్విను విషయమునకు వత్తము. జీవజాతులన్నియు నొక మూలమునుండి శాఖలుగా చీలినవను తలంపును ఆయన 1837లో ఒక చిన్న చిట్టాపుస్తకములో చెట్టుబొమ్మగా గీచికొనెను. ఆ బొమ్మకు పైన తానట్లనుకొనుచున్నానని మాత్రము వ్రాసి విడిచెను. అది తీర్పు కాదు, తలంపు. ఆ పుస్తకమును, దానితోడి మఱియొకటియు 2000లో ఛాయాచిత్రములకై భాండారమునుండి వెలికివచ్చి, 2001 జనవరి నాటికి కనబడక పోయినవి. ఎక్కడనో తప్పుచోట పెట్టియుందురని యేండ్లతరబడి వెదకిరి. 2020లో దొంగిలింపబడినవని లోకమునకు ప్రకటించిరి. 2022 మార్చి 9వ తేదీన గులాబిరంగు కానుకసంచిలో, గ్రంథాలయాధికారికి ఈస్టరు పండుగ శుభాకాంక్షలు తెల్పు చిన్న చీటితో, అవి ఆమె గది బయట నేలపై ప్రత్యక్షమైనవి. ఎవరు తీసికొనిపోయిరో, ఎవరు తెచ్చి పెట్టిరో ఆనాడు తెలియలేదు. ఆ యేడు జూలైలో డార్విను లేఖలను గూర్చిన ప్రదర్శన మొకటి తెఱచినప్పుడు ఈ రెండు పుస్తకములను అందులో నుంచిరి.

ఇట్టి పుస్తకమును చూడ మనసుపడుట సహజము. కాని దానిని చూపరికి విలువగలదానినిగా చేసినది చెట్టుబొమ్మయా, గులాబిసంచియా? పత్రికలన్నియు దొంగతనపు కథను చెప్పినవి. బొమ్మయందలి భావమును చెప్పినవి కొన్నియే. పోయి దొరికిన నగను పేరంటాండ్రు చూడవచ్చినట్లు జనము వచ్చినచో, వారిని తప్పుపట్టజాలము. వచ్చినవారిని అక్కడనుండి ఎక్కడికి నడిపించిరనునదే యడుగవలయును.

ఈ పరీక్షలో ఆ ప్రదర్శనము నెగ్గినదనియే నా యభిప్రాయము. కారణమేమనగా, దానికి ప్రాణము ఆ రెండు పుస్తకములు కావు, డార్విను లేఖలు. ఆయన వ్రాసినవియు, ఆయనకు వచ్చినవియు 15,000కు మించిన లేఖలను సేకరించి పరిష్కరించు పని 1974లో మొదలై 30 సంపుటములలో పూర్తియైనది. అర్ధశతాబ్ది పండితపరిశ్రమను జనుల ముందు పెట్టుట కేర్పడిన ప్రదర్శనమది. ఆ లేఖలవలన తెలియునదేమి? డార్విను ఏకాంతమున తపస్సు చేసి సత్యమును గన్న ఋషి కాడు. సుమారు రెండువేలమందితో ఉత్తరప్రత్యుత్తరములు నడపినవాడు. పావురములు పెంచువారిని, తోటమాలులను, దూరదేశములందలి యుద్యోగులను అడిగి యడిగి తెలిసికొన్నాడు. శాస్త్రము సంభాషణమని ఆ లేఖలు చెప్పును. ఈ యొక్క సంగతి మనస్సునకెక్కినచో, చూపరి తానును ఆ సంభాషణలో ఒక మాట యాడవచ్చుననుకొనును. జనులకై జరుగు శాస్త్రకార్యమునకు ఇంతకంటె గొప్ప ఫలము లేదు.

ఆ యుత్తరములు వ్రాసినవారిలో స్త్రీలు పలువురున్నారు. మాంచెస్టరు నగరపు లిడియా బెకర్ మొక్కలను పరిశీలించి నమూనాలు డార్వినుకు పంపెడిది. 1866 చివరను తాను స్థాపించుచున్న స్త్రీసమాజములో చదువుటకేదైన వ్యాసము పంపుడని యామె కోరగా, ఆయన పంపెను. ఈమెయే తరువాత ఇంగ్లండులో స్త్రీల వోటుహక్కుకై పత్రిక నడపినది. వృక్షశాస్త్రము నేర్చిన చేయియే హక్కుల నడిగిన చేయి యగుట యాదృచ్ఛికము కాదు. పూవును స్వయముగా విప్పి చూచినది, పెద్దలు చెప్పినంతమాత్రమున దేనిని నమ్మునా?

మఱియొక లేఖ కలదు. దానిని దాచిన ప్రదర్శనము పూజయగును, చూపినది విద్యయగును. 1881 చివరను అమెరికాలోని కరొలైన్ కెన్నార్డ్ అను నామె, స్త్రీలు బుద్ధిలో పురుషులకంటె తక్కువవారని మీ గ్రంథములను జూపి ఒకరు వాదించుచున్నారు, నిజమేనా యని డార్వినును అడిగెను. మఱుసటి జనవరిలో ఆయన యిచ్చిన ప్రత్యుత్తరము, శీలమున స్త్రీలు మేలైనవారైనను బుద్ధిలో తక్కువయేయని. ఆమె యూరకుండలేదు. స్త్రీకి పురుషునితో సమానమైన పరిసరములను, అవకాశములను ముందిచ్చి, ఆ తరువాత తీర్పు చెప్పుడని తిరిగి వ్రాసినది. ఈ మూడు లేఖలను ప్రక్కప్రక్కన చదివినవానికి డార్వినుపై గౌరవము పోదు. భక్తి మాత్రము పోవును. పోవలసినదే. ప్రమాణపురుషుడు చెప్పెను గాన సత్యమను మార్గమునుండి, సాక్ష్యమున్నది గాన సత్యమను మార్గమునకు జనులను మరల్చుటయే గదా శాస్త్రప్రచారము! పరిశీలనయే ప్రాణమని చెప్పిన మహనీయుడే, పరిశీలింపని చోట లోకుల మాటనే పలికినాడని తెలియుట ఆ మార్గములో మొదటి మెట్టు.

స్త్రీవిద్య మాట వచ్చినది గావున 2019 అక్టోబరున ఆ గ్రంథాలయము తెఱచిన వేఱొక ప్రదర్శనమును తలపక విడువరాదు. 1869లో స్త్రీలకై గిర్టన్ కళాశాల పుట్టి నూటయేబదియేండ్లు నిండిన సందర్భమున, కేంబ్రిడ్జిలో స్త్రీల చరిత్రను జూపినదది. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలను పరీక్షలకు 1881లో రానిచ్చినది. పురుషులతో సమముగా పట్టము లిచ్చినది 1948లో. నడుమ నున్నవి 67 సంవత్సరములు! 1897లో పట్టములిత్తమా యని సభ్యుల నడిగినప్పుడు 1,700 మందికి పైగా వలదనిరి. చదువుకొనుచున్న యువకులు వీధిలో సైకిలునెక్కిన స్త్రీబొమ్మను వ్రేలాడదీసి, గ్రుడ్లు రువ్వి, బాణసంచా కాల్చి సంబరపడిరి. ఆనాటి గ్రుడ్డుపెంకుల ముక్కలను, బాణసంచా తునుకలను ఎవరో దాచియుంచిరి. ప్రదర్శనములో వానిని పెట్టెలో నుంచి చూపిరి. గ్రంథాలయము తన దోషమును కూడ విడిచిపెట్టలేదు. 1891లో కళాశాలల స్త్రీలు ఈ గ్రంథాలయమును వాడుకొననిండని విన్నపము వ్రాసికొనవలసి వచ్చినది. ఆ విన్నపపత్రమును అక్కడనే జనులు చూచిరి. తన తలుపు ఒకప్పుడెవరికి మూసియుండెనో, తానే అద్దములో పెట్టి చూపిన గ్రంథాలయము, ఆ తలుపును తెఱచియుంచుటకు మాట యిచ్చినట్లే. నేనెఱిగిన ప్రదర్శనములలో ఇది ఉత్తమమైనది. ప్రిన్సిపియాముందు చూపరి తలవంచును. ఆ గ్రుడ్డుపెంకులముందు తలయెత్తి ఆలోచించును.

వ్యర్థమని త్రోసివేసినవే ఒక్కొక్కప్పుడు నిధులగునని ఆ గ్రంథాలయములోని మఱియొక సంచయము చెప్పును. యూదులు దేవుని పేరున్న కాగితమును పాఱవేయరాదని, చిరిగినవానిని ప్రార్థనామందిరపు గదిలో వేయుదురు. కైరోనగరమున అట్లు వేయి యేండ్లనాటినుండి పేరుకొన్న తునకలు 1,90,000కు పైగా కేంబ్రిడ్జి చేరినవి. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అను కవలసోదరీమణులు కొనితెచ్చిన పుటలను చూచి, సాలమన్ షెక్టరు ఆ నిధిజాడ పట్టెను. పట్టమిచ్చుటకు విశ్వవిద్యాలయమున కిష్టము లేని కాలమున, దానికి నిధిని చూపినవారు స్త్రీలు! 2017లో వీనిని ప్రదర్శించినప్పుడు వేదభాగములతోపాటు పెండ్లిపత్రములు, వర్తకుల లెక్కలు, పిల్లల యక్షరాభ్యాసపు పుటలు జనుల కంటబడినవి. శిథిలమైన తాళపత్రములను నదిలో విడుచు నలవాటున్న మనము ఈ కథను రెండుమాఱులు చదువదగును. అట్లే ఆ భవనపు గోపురములో, పండితులకక్కఱలేదని పూర్వము నెట్టివేసిన నవలలు, బాలల పుస్తకములు పెక్కులున్నవి. 2018లో వానిని దింపి ప్రదర్శనము చేసిరి. మన స్త్రీల పాటలను, గుజిలీ ప్రతులను మన గ్రంథాలయములే దృష్టితో చూచినవో ఇక్కడ వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక నుత్సవములు. శాస్త్రజ్ఞులకును సాహిత్యజ్ఞులకును మాటలు నిలిచిపోయినవని, విద్యావంతులు రెండు జాతులుగా చీలిరని సి. పి. స్నో 1959లో ఆ కేంబ్రిడ్జిలోనే యుపన్యసించెను. అక్కడనే 1994లో విజ్ఞానోత్సవ మొకటియు, 2008లో సాహిత్యాది విషయములకు వేఱుత్సవ మొకటియు మొదలైనవి. రెండు జాతులకు రెండు జాతరలన్నమాట! 2021లో ఈ రెంటిని కలిపి ఒక్కటిగా చేసిరి. చేసిన పని మంచిది, ఆలస్యమైనను మంచిది. గ్రంథాలయము దీనికి సహజస్థానము. ఏలయన అలమారులో ఖగోళశాస్త్రమునకును కావ్యమునకును నడుమ నున్నది పలుచని చెక్కయే, గోడ కాదు.

అయినను ఉత్సవములందు నాకు కనబడు కొఱతను చెప్పెదను. ఉత్సవము కొన్నాళ్లది, సందేహము తరువాత వచ్చును. ఉపన్యాసము వినిన గృహిణికి నాలుగుదినముల పిమ్మట వంటయింటిలో ఒక ప్రశ్న తోచును. అప్పుడామె యెవరి నడుగవలయును? ఏ పుస్తకము చూడవలయును? ఆ పుస్తకమామెకు దొరకునా? ఈ మూడు ప్రశ్నలకు సమాధాన మేర్పఱుపని యుత్సవము, తీర్థమువలె జనమును ప్రోగుచేసి దుమ్ము మిగిల్చి పోవును.

దీనికి ఎదురుమాట కలదు. “అందఱును చదువరులు కానేల? ఒక మధ్యాహ్నము పిల్లలతో వచ్చి, న్యూటను చేతివ్రాత చూచి సంతోషించిపోవుట చాలదా? ప్రతి సంతోషమునకును పరీక్ష పెట్టుట పంతుళ్ల దుర్గుణము” అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. బాల్యమున చూచిన యొక పుట ఇరువదియేండ్లకు మొలకెత్తవచ్చును. ఏ విత్తనమెప్పుడు మొలచునో ఎవరు చెప్పగలరు? కాని విత్తినవాడు నీటికాలువను తెచ్చుట మానరాదు. సంతోషమునకై వచ్చినవాడు సంతోషించి పోవును గాక. ఇంకను కావలయునని తోచినవానికి దారి కనబడవలయును. దారి లేకుండ సంతోషమును మాత్రమే పంచుట ప్రభువులు వేడుక చూపించుటవంటిది. ప్రజలకు విద్యయందలి హక్కు నిచ్చుట కాదు.

ఆశ్చర్యమేమనగా, ఈ దారిని గూర్చి మొట్టమొదట గట్టిగా ఆలోచించినవారిలో మన దక్షిణాదివా రున్నారు. గణితోపాధ్యాయుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియై, లండనుకు పోయి, అక్కడి గ్రంథాలయములు నడచు తీరును నేర్చివచ్చెను. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రములలో మొదటిది పుస్తకము వాడుకకే యున్నదనుట. తరువాతివి ప్రతి పాఠకునికి అతని పుస్తకమును, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుని చేర్పవలయుననుట. ఇంగ్లండునుండి నేర్చినవాడు చెప్పిన యీ సూత్రములే ఇంగ్లండులోని ప్రదర్శనములకు నేడు గీటురాయి కాదగియున్నవి.

తెలుగుదేశములో నింకను ముందే పని మొదలైనది. వీరేశలింగముపంతులుగారు స్త్రీలకు పత్రిక నడుపుచునే, ఖగోళశాస్త్రమును సులభమైన తెలుగున వ్రాసిరి. 1906లో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో, జీవశాస్త్ర రసాయనశాస్త్రాదులను తెలుగు గృహముల కందించినది. 1914లో బెజవాడలో గ్రంథాలయప్రతినిధుల సభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు దానికి జీవితము నర్పించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెత్తించి, పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువపై పంపిరి. కేంబ్రిడ్జివారు పాఠకుని భవనములోనికి పిలిచిరి. మనవారు పుస్తకమును పాఠకుని రేవునకు చేర్చిరి. వారికున్న సంచయము మనకు లేదు. మనకుండిన వేగిరపాటు వారికి లేదు. రెండును కలిసినచో!

కలియుటకు సాధనములు మన చేతిలో లేకపోలేదు. కడపలో సి. పి. బ్రౌను బంగళా నిలిచిన చోట వెలసిన భాషాపరిశోధన కేంద్రము యోగి వేమన విశ్వవిద్యాలయమునకు జెందినది. బ్రౌనుదొర వేమన పద్యములను 1829లో అచ్చువేయకమునుపు, పండితులచే వ్రాతప్రతులను తెప్పించి, పాఠభేదములను ప్రక్కప్రక్కన వ్రాయించెను. పద్యమొకటి, పాఠములు నాలుగు, వానిలో నేది సరియని దొర సందేహము. ఇట్టి పుటయొకటి మనకున్న ‘వ్యర్థపుస్తకము’. దానిని పెట్టెలో నుంచి, పూలమాల వేయక, ప్రక్కనే ఒక బల్లపై నాలుగు పాఠములను పెద్దయక్షరములతో వ్రాసిపెట్టి, వచ్చిన పిల్లవానిని “నీవేది గ్రహింతువు, ఏల?” అని యడుగుడు. అరగంటలో వానికి గ్రంథపరిష్కరణమన నేమో, సాక్ష్యమన నేమో తెలియును. శాస్త్రమును సంస్కృతియు వేఱు కావని ఆ యరగంట చెప్పినట్లు ఏ మహోపన్యాసమును చెప్పజాలదు.

కావున మన విశ్వవిద్యాలయ గ్రంథాలయములు ఇట్టి కార్యములకు పూనుకొన్నప్పుడు గృహస్థులమైన మనము నాలుగు ప్రశ్నలతో లోనికి పోవలయును. చూపిన వస్తువులో పనిచేసిన చేయి, ఆ చేతి తడబాటు కనబడుచున్నవా, లేక ముగిసిన విజయము మాత్రమేనా? సంస్థ తన దోషములను కూడ చూపుచున్నదా? మాటయంతయు ఇంటిలోని తల్లికి తెలియు తెలుగులో నున్నదా? వెలుపలికి పోవు ద్వారమువద్ద, ఇప్పుడు చూచినదానిని గూర్చి చదువుటకు ఒక పుస్తకము, కూర్చుండుటకొక బల్ల, అడుగుటకొక మనుష్యుడు కలరా? మొదటి మూడింటికి బుద్ధి చాలును. నాలుగవదానికి పుస్తకములపై వెచ్చించిన సొమ్మును, ఆ బల్లవద్ద ఓపికతో కూర్చుండు గ్రంథాలయోద్యోగియు కావలయును. సభావేదిక యలంకారములో నాలుగవవంతు తగ్గించినచో ఆ సొమ్ము దొరకును.

న్యూటను చిట్టా ఈ రాత్రియే మీ యింట చూడవచ్చును, వెల లేదు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ మతగురువు విడిచిన తెల్లపుటలలో కుఱ్ఱవాడు కొట్టివేసిన లెక్కలను చూపుడు. కొట్టివేతలనే ముందుగా చూపుడు.